గుమ్మం ఎత్తు

రెల్లాకుల్ని కడిగేటప్పుడు కాడ దగ్గర పట్టుకోవాలి. అంచు దగ్గర పట్టుకుంటే వేలు తెగుతుంది. ఆ సంగతి సూలియెన్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా ఆ ఉదయం రేవులో కూర్చుని వేళ్ళు కోసుకుంటూనే ఉంది.

నది మధ్యలో డ్రాగన్ తల పడవ అటూ ఇటూ తిరుగుతోంది. పడవ ముందు భాగంలో కూర్చుని డప్పు కొడుతున్నది ఆమె అన్న తింగ్‌షాన్. ఒక్కో దెబ్బకు తెడ్లన్నీ కలిసి నీళ్ళలో మునిగి, కలిసి లేస్తున్నాయి. పందెం ఎల్లుండి, అయిదో నెల అయిదో రోజు మధ్యాహ్నం. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళకు ఇంకో మాట లేదు.

"ఏమే సూలియెన్, మీ అన్నకు డప్పే లోకమైపోయింది. ఇంట్లో పెళ్ళానికి నెలలు నిండాయని గుర్తుందా అసలు?" అంది ఒకామె.

"ఆయన ఇక్కడ డప్పు కొడుతుంటే బిడ్డ అక్కడ లోపల చిందులేస్తూ ఉంటుందిలే," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

 పద్నాలుగేళ్ళు వచ్చినా, నలుగురు తన వైపు చూస్తే సూలియెన్‌కు మాట గొంతులోనే ఆగిపోతుంది. తల ఇంకా కిందికి వంచి ఆకులు జాడించింది.

"అయిదో రోజున మాత్రం పుట్టకుండా ఉంటే చాలు," అని ఒక ముసలామె బట్ట పిండుతూ మెల్లగా అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆకుల బుట్ట ఎత్తుకుని ఇంటికి వచ్చేసరికి పెరట్లో తిరగలి తిరుగుతోంది. వదిన గ్వెయ్‌షియాంగ్ రెండు చేతులతో పిడి పట్టుకుని రాతిని లాగుతోంది. కడుపు అడ్డం రావడంతో పక్కకు వంగి, కాళ్ళు ఎడంగా పెట్టి తిప్పుతోంది. నాయనమ్మ పీట మీద కూర్చుని గోధుమలు పిడికెడు పిడికెడు రంధ్రంలో పోస్తోంది.

"ఇంక చాలు నాయనమ్మా, నడుము విరిగిపోతోంది."

"విరగనీ. నడుము నొప్పి పుడితేనే బిడ్డ కదులుతుంది. ఇంకాస్త తిప్పు."

"ఈ తిరగలి పిండి కోసమా, బిడ్డ కోసమా?"

"రెండిటికీ."

వదిన సూలియెన్ వైపు చూసి కన్ను గీటింది. చెమట గడ్డం మీదనుంచి కారి పిండిలో పడబోతే భుజంతో తుడుచుకుంది. "ఎలాగూ ఆరో రోజు మీ పుట్టినరోజు. ఆ పిండితో మీకు నూడుల్స్ చెయ్యాలి. వీడూ ఆ రోజే వచ్చాడనుకోండి, ఇద్దరికీ ఒకే గిన్నెలో పెట్టేస్తాను, పని కలిసొస్తుంది."

నాయనమ్మ నవ్వలేదు. తిరగలి రంధ్రంలోకి చూస్తూ, "ముందు ఈ రోజో రేపో వచ్చేలా చూడు," అంది.

సూలియెన్ వంటింట్లోకి వెళ్ళి జిగురు బియ్యం నానబోసింది. అప్పుడే వీధి తలుపు దగ్గర మంత్రసాని లియావ్ గొంతు వినిపించింది. ఆమె వస్తే ఊరంతా వచ్చినట్టే ఉంటుంది. అలాంటిది ఆ రోజు వదినను పరీక్షించి, నాయనమ్మను వంటింటి గోడ పక్కకు పిలిచి గుసగుసగా మాట్లాడింది. గోడకు ఇవతల సూలియెన్ చెయ్యి బియ్యం నీళ్ళలోనే ఆగిపోయింది.

"కిందికి దిగింది అక్కా. రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు."

"ఎల్లుండి రాకూడదు. రేపటిలోగా రాకపోతే ఆరో రోజుదాకా ఆపాలి."

"అదేమన్నా పడవా, తాడేసి రేవుకు కట్టడానికి?"

"కడతాను."

మంత్రసాని గొంతు ఇంకా తగ్గించింది. "ఒకవేళ అయిదో రోజునే వచ్చేసిందే అనుకో, ఆరో రోజు పుట్టిందని చెబుదాం. నా నోటితో నేను చెబితే ఊరు నమ్మదూ?" అంది.

"ఊరిని మోసం చెయ్యొచ్చు. గుమ్మాన్ని మోసం చేస్తామా? ఆ రోజు పుట్టిన బిడ్డ గుమ్మమంత ఎత్తు ఎదిగిన ఏడు, మగబిడ్డయితే తండ్రిని తింటుంది, ఆడబిడ్డయితే తల్లిని తింటుంది. నా మనవడు ఉండాలి, ఆ పిల్లా ఉండాలి. వాళ్ళుంటే ఇంకో బిడ్డ పుడుతుంది."

"మరి ఈ బిడ్డ?"

"అవతలి ఒడ్డున మఠం ఉందిగా."

"మఠంలో పాలెవరిస్తారక్కా? పోయినేడు అటు పంపిన బిడ్డకు గంజినీళ్ళే పోశారు. వారం కూడా బతకలేదు. నీకు తెలియదా?"

నాయనమ్మ దానికి ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడమే సూలియెన్‌ను భయపెట్టింది. తిట్టి ఉంటే, వాదించి ఉంటే ఇంకోలా ఉండేది.

కాసేపటికి నాయనమ్మ వంటింట్లోకి వచ్చింది. ఎప్పటిలాగే గుమ్మం దగ్గర తల బాగా వంచి, మెడ లోపలికి లాక్కుని దాటింది. ఏ గుమ్మమైనా ఆమె అలాగే దాటుతుంది. అటక మీదనుంచి మూత ఉన్న పాత వెదురు బుట్ట దించి, బూడిదతో తోమడం మొదలుపెట్టింది.

"అదెందుకు నాయనమ్మా?" అని సూలియెన్ అడిగింది. తన గొంతు తనకే వినిపించలేదు.

"ఆకులకు."

ఆకుల బుట్ట అక్కడే, పొయ్యి పక్కనే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే మాచిపత్రి, వస మొక్కలు కోసుకొచ్చారు. వస ఆకు కత్తిలా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి చెడుగాలి భయపడుతుందని, మాచిపత్రి వాసనకు పాము, తేలు, జెర్రి, బల్లి, కప్ప ఇంట్లోకి రావని నాయనమ్మ ప్రతి ఏడూ చెబుతుంది. అయిదో నెల విషపు నెల. ఎండ పెరుగుతుంది, నీళ్ళు చెడతాయి, పురుగులు బయటికి వస్తాయి. సూలియెన్ స్టూలెక్కి రెండూ కలిపి కట్టిన కట్టను తలుపుకు వేలాడదీస్తుంటే, నాయనమ్మ కింద నిలబడి స్టూలు పట్టుకుంది.

అక్కడినుంచి చూస్తే ద్వారబంధం పైకర్ర సూలియెన్ కళ్ళకు ఎదురుగా ఉంది. పొగ పట్టి నల్లగా ఉంది. ఇంత ఎత్తు ఎదగడానికి ఒక బిడ్డకు ఎన్నేళ్ళు పడుతుంది? తనే ఇంకా అందుకోలేదు.

"నాయనమ్మా, బడిలో మాస్టారు ఒక సంగతి చెప్పారు."

"ఏమిటే?"

"ఎప్పుడో వెనకటి కాలంలో ఒక రాజుగారింట్లో అయిదో రోజున కొడుకు పుట్టాడట. పారెయ్యమని తండ్రి చెప్పాడట. తల్లి దాచి పెంచిందట. పెద్దయ్యాక వాడు తండ్రి దగ్గరికొచ్చి, గుమ్మం ఎత్తు ఎదగకూడదు, అంతేనా, అయితే గుమ్మాన్నే పైకి లేపించండి అన్నాడట." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అంత పొడుగు మాట ఆమె ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడలేదు.

నాయనమ్మ స్టూలు వదల్లేదు. "రాజుల గుమ్మాలు ఎంతైనా లేస్తాయి. మన చూరు చూశావా? దిగు కిందికి."

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చుని ఆకుపొట్లాలు కట్టారు. రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి పరిచి, గరాటులా మడిచి, బియ్యం పోసి, మధ్యలో పంది కొవ్వు ముక్క ఒకటి పెట్టి, మళ్ళీ బియ్యం పోసి, మూల మడిచి తాటినారతో బిగించాలి. వదిన కట్టినవి చిన్నగా, గట్టిగా, నాలుగు మూలలూ సమంగా ఉంటాయి. సూలియెన్‌వి ఎప్పుడూ ఒకవైపు ఉబ్బుతాయి.

"నీ పొట్లం చూడు, అచ్చం నా పొట్టలా ఉం..." అంది వదిన. చివరి మాట సగంలో ఆగింది. నార కొస ఆమె పళ్ళ మధ్య ఉంది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, కాసేపటికి మళ్ళీ తెరిచింది. నార రెండుగా తెగిపోయింది.

నాయనమ్మ చూసింది. ఆమె చేతిలో బియ్యం చెంచా ఆగిపోయింది.

"ఎప్పటినుంచి?"

"ఇప్పుడే. మెల్లగానే ఉంది."

నాయనమ్మ లేచి ఆకాశం వైపు చూసింది. ఎండ పడమటి గోడ దిగుతోంది. అంతవరకూ తిరగలి తిప్పమన్న మనిషి, మెట్లెక్కి దిగమన్న మనిషి, ఒక్కసారిగా మారిపోయింది. "పడుకో. కదలకు. ఇంకో అడుగు వెయ్యకు. ఇంత ఆలస్యంగా మొదలైతే ఈ రోజు రాదు. ఇక రేపు కూడా రానివ్వకూడదు."

అప్పుడే తింగ్‌షాన్ లోపలికి వచ్చాడు. నడుముకు ఎర్ర గుడ్డ కట్టుకున్నాడు. పందెం ముందు రోజు పడవ వాళ్ళంతా ఊరి పెద్దల మందిరంలోనే తిని అక్కడే పడుకుంటారు. ఆడవాళ్ళ మధ్యకు రారు. పురుడు వచ్చిన ఇంటి మగవాడు పడవను తాకితే పడవ బోల్తా పడుతుందని అందరికీ తెలుసు.

"అందరూ అలా ఉన్నారేమిటి?" అన్నాడు.

వదిన ఆకులు ముందుకు లాక్కుని, "నీ మొహం చూసి," అంది. "వెళ్ళు. ఓడిపోతే మాత్రం ఇంటికి రాకు, అటునుంచి అటే వెళ్ళిపో."

అతను నవ్వి, సూలియెన్ జడ లాగి, ఆవిరి మీదనుంచి అప్పుడే దించిన పొట్లం ఒకటి చేతులు మార్చుకుంటూ పట్టుకుని వెళ్ళిపోయాడు. అతని అడుగులు వీధి మలుపు తిరిగాక వదిన తల గోడకు ఆనించి మూలిగింది.

"చెప్పి ఉండాల్సింది వదినా," అంది సూలియెన్.

"చెబితే ఆయన్ని పడవ దింపేస్తారు. రేపు ఏం జరిగినా ఊరంతా నా బిడ్డనే అంటుంది. పుట్టకముందే ఇన్ని మాటలు పడుతోంది, ఇంకోటి ఎందుకు?"

అయిదో రోజు తెల్లారేసరికి ఇంటినిండా మాచిపత్రి వాసన, ఉడికిన ఆకు వాసన, సారా వాసన. విషం అంటకుండా నాయనమ్మ సారాలో మణిశిల అనే ఎర్రరాయి పొడి కలిపి, వేలు ముంచి, సూలియెన్ నుదుటి మీద పులి గుర్తు రాసింది, చెవుల వెనక అద్దింది. గీతలు వంకరగా వచ్చాయి. తర్వాత అయిదు రంగుల దారం మణికట్టుకు కట్టింది. ఈ దారాన్ని పండగ తర్వాత వచ్చే మొదటి వానదాకా తియ్యకూడదు. వాన రాగానే తెంపి నీళ్ళలో వదిలితే ఆ ఏటి జబ్బులన్నీ వాన నీటితో పోతాయి.

గుంజకు కట్టిన దారాలలో ఒకటి మరీ చిన్నదిగా ఉంది. వేలికి ఉంగరమంత. సూలియెన్ దాన్ని చూడటం నాయనమ్మ చూసి, దాన్ని లాగి చొక్కా లోపల దాచుకుంది.

వదిన గదిలో కిటికీ మూసి ఉంది. వదిన పడుకుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఉంది. నాయనమ్మ నీలం గుడ్డ పట్టీ తెచ్చి, మోకాళ్ళ పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు తిప్పి ముడివేసింది. ముడి వేస్తున్నంతసేపూ వదిన మొహం వైపు చూడలేదు.

"బిగపట్టు తల్లీ. ముక్కకు. నొప్పి వస్తే ఊపిరి చిన్న చిన్నగా వదులు. రేపు పొద్దున్న లియావ్‌ను రమ్మన్నాను. ఈ ఒక్క రోజు."

"నావల్ల అవుతుందా నాయనమ్మా?"

"అవ్వాలి."

సూలియెన్‌ను మంచం పక్కన కూర్చోబెట్టి, "వదిన కాళ్ళు కదిలించకుండా చూడు. ఏదైనా అయితే నన్ను పిలువు. ఇంకెవరినీ కాదు," అని చెప్పి, నాయనమ్మ తల వంచి గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అగరుబత్తుల పొగ వచ్చింది.

పొద్దెక్కేకొద్దీ వీధి ఖాళీ అయింది. అందరూ నదికి వెళ్ళిపోయారు. పిల్లలు ఈలలు వేసుకుంటూ పరుగెత్తారు. దూరంగా డప్పులు మొదలయ్యాయి. చాలా డప్పులు. వాటిలో అన్న డప్పు ఏదో సూలియెన్ పోల్చుకోలేకపోయింది.

నొప్పి వచ్చినప్పుడల్లా వదిన సూలియెన్ చెయ్యి పట్టుకునేది. మొదట్లో మాట్లాడింది. "బిడ్డ నన్ను చంపితే అది నాకూ దానికీ మధ్య గొడవ. మధ్యలో ఈ పట్టీ ఎందుకో," అని నవ్వబోయింది. తర్వాత మాటలు తగ్గాయి. తర్వాత చెయ్యి పట్టు కూడా తగ్గింది. సూలియెన్‌కు దానికే ఎక్కువ భయం వేసింది. ఎముకలు నలిగేలా పట్టుకున్న చెయ్యి ఇప్పుడు తన చేతిలో ఊరికే ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. చాప కింద తడి పాకింది. మొదట నీళ్ళు అనుకుంది. చూస్తే ఎరుపు కలిసి ఉంది.

"వదినా."

వదిన కళ్ళు తెరిచింది కానీ సూలియెన్‌ను చూడలేదు. "ముక్కకూడదు," అంది, ఎవరికో అప్పజెబుతున్నట్టు.

నాయనమ్మను పిలవాలి. పిలిస్తే ఏం చేస్తుంది? ముడి ఇంకా బిగిస్తుంది. సూలియెన్ ఇంతవరకూ ఎవరి మాటా దాటలేదు. దాటాలని అనుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలేది కాదు.  వేళ్ళు ముడి మీదికి వెళ్ళాయి. తడిసిన గుడ్డ ముడి గోటికి లొంగలేదు. వంగి పళ్ళతో పట్టుకుని లాగింది. ముడి వీడింది.

"వదినా, నేను వచ్చేదాకా ఉండు. ఇంకేమీ ఆపకు."

పెరటి తలుపు గుండా, పందుల దొడ్డి పక్కనుంచి పరుగెత్తింది.

నది ఒడ్డున కాలు పెట్టే చోటు లేదు. గొడుగులు, విసనకర్రలు, భుజాల మీద పిల్లలు. సూలియెన్ జనం వెనక నిలబడి, "లియావ్ పెద్దమ్మా," అంది. ముందున్న మనిషికి కూడా వినిపించలేదు. "లియావ్ పెద్దమ్మా!" ఒకడు వెనక్కి తిరిగి చూశాడు. "ఏంటి పాపా, తప్పిపోయావా?" ఇద్దరు ముగ్గురు నవ్వారు. అలవాటుగా ఆమె తల వంగింది. వంచిన కళ్ళకు తన చెయ్యి కనిపించింది. వేళ్ళకు రక్తం అంటి ఉంది.

ఆమె అరిచింది. తన గొంతులో అలాంటి అరుపు ఉందని ఆమెకు తెలియదు. డప్పుల మధ్యనుంచి అది అవతలికి వెళ్ళింది. జనం పక్కకు జరిగారు. గట్టు రాయి మీద కూర్చుని గుమ్మడి గింజలు ఒలుచుకుంటున్న మంత్రసాని లేచి నిలబడింది.

"నువ్వా? మీ నాయనమ్మ రేపు కదా రమ్మంది?"

 సూలియెన్ చేతులు చూపించింది.

మంత్రసాని గింజలు కింద పోసేసి మామూలు నడకతో కాదు, పరుగుతోనే బయలుదేరింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. "ముసలిదానికి మతి పోయింది. పడవను కడతానంది. కట్టింది చూడు." సూలియెన్ ముందు పరుగెత్తుతోంది. ఒడ్డునుంచి పెద్ద కేక లేచింది. పందెం మొదలైంది.

ఇంట్లోకి రాగానే మంత్రసాని నాయనమ్మను తోసుకుంటూ గదిలోకి వెళ్ళింది. నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. వీడిన పట్టీ వైపు చూసింది, సూలియెన్ వైపు చూసింది. కొడుతుందనుకుని సూలియెన్ కళ్ళు మూసుకుంది. ఏమీ తగల్లేదు.

"వేన్నీళ్ళు!" అని లోపలినుంచి అరుపు వినిపించింది. "ఎవరో ఒకరు కదలండి! అమ్మాయీ, ఇప్పుడు ముక్కు, నీ బలమంతా పెట్టి ముక్కు!"

నదిలో డప్పులు ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోకుండా మోగుతున్నాయి. సూర్యుడు నడినెత్తి మీద ఉన్నాడు. పెరట్లో దేనికీ నీడ లేదు. ఆ ఎండలో, ఆ డప్పుల మధ్య ఒక సన్నని ఏడుపు వినిపించింది.

"ఆడపిల్ల," అంది మంత్రసాని. కాసేపటికి, "తల్లి బతికింది. ఇంకాస్త ఆగి ఉంటే నన్ను కాదు, శవపేటిక చేసేవాణ్ణి పిలవాల్సి వచ్చేది," అంది.

గ్వెయ్‌షియాంగ్ స్పృహలోనే ఉంది కానీ కళ్ళు తెరిచే ఓపిక లేదు. మంత్రసాని బిడ్డను గుడ్డలో చుట్టి సూలియెన్‌కు ఇచ్చి, తల్లి కడుపు మర్దన చెయ్యసాగింది. బిడ్డ ఎర్రగా, ముడతలుగా ఉంది. ఒక చెవి మడతపడి ఉంది.

"ఇటివ్వు," అంది నాయనమ్మ.

ఆమె చేతిలో ఆ వెదురు బుట్ట ఉంది. లోపల మెత్తటి పాత చొక్కా పరిచి ఉంది. దాని కింద మాచిపత్రి.

సూలియెన్ ఇవ్వలేదు. ఇవ్వనని కూడా చెప్పలేకపోయింది. చేతులు బిగిశాయి, అంతే. నాయనమ్మ దగ్గరికి వచ్చి, ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది. విసురుగా కాదు, ముల్లు తీసినప్పటిలా జాగ్రత్తగా. బిడ్డను బుట్టలో పెట్టింది. మూత వెయ్యబోయి ఆగి, వెయ్యకుండానే ఎత్తుకుంది. రేవులో చిన్న పడవ ఉంది. జనమంతా పందెం దగ్గర ఉన్నారు. ఎవరూ చూడరు.

సూలియెన్ వెనకే వెళ్ళింది. ఏం చెయ్యాలో తెలియదు. నాయనమ్మ వీధి గుమ్మం దగ్గరికి వచ్చి, బుట్ట గుండెలకు హత్తుకుని, తల బాగా కిందికి వంచింది.

ద్వారబంధం పైకర్ర చాలా పైన ఉంది. నిన్న స్టూలెక్కితే కానీ సూలియెన్‌కు అందలేదు. నాయనమ్మ తన భుజం దాకా కూడా లేదు.

"నాయనమ్మా, గుమ్మం అంత ఎత్తుంది కదా. నువ్వెందుకు వంగుతావు?"

అడిగాక గాని తాను అడిగానని ఆమెకు తెలియలేదు. నాయనమ్మ వంగినచోటే ఆగిపోయింది.  తర్వాత మెల్లగా గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చోకూడదని సూలియెన్‌ను చిన్నప్పటినుంచీ తిట్టింది ఆమే.

"మా గుడిసె తలుపు ఎంతని," అంది. బుట్టలోకి చూస్తూ మాట్లాడుతోంది. "పన్నెండేళ్ళు నిండకుండానే నా తల తగిలింది. అప్పుడే చెప్పింది మా పెద్దమ్మ. నువ్వు ఆరో రోజు పుట్టలేదే, అయిదో రోజు పుట్టావు, మీ అమ్మ అబద్ధం చెప్పి నిన్ను దాచింది, ఇక జాగ్రత్త అని. నెల తిరిగేసరికి మా అమ్మ పోయింది."

బిడ్డ ఏదో నోట్లోకి వచ్చినట్టు పెదవులు చప్పరించింది.

"ఆ రోజునుంచి ఏ గుమ్మం కిందా నిటారుగా నిలబడలేదు. అప్పుడు మీ తాత ఉన్నాడు, తర్వాత మీ నాన్న ఉన్నాడు, ఇప్పుడు మీరున్నారు. ఎవరి మీదికి వస్తుందోనని."

సూలియెన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీ అమ్మ ఎలా పోయింది?"

"వాంతులు, విరేచనాలు. ఒక్క పూటలో అయిపోయింది. బావి నీళ్ళు చెడ్డాయన్నారు ఆ ఏడు."

"ఊళ్ళో ఇంకెవరూ పోలేదా?"

"పోకేం. మా వీధిలో పొయ్యి వెలగని ఇళ్ళే ఎక్కువ. శవాలు మోసేవాళ్ళు కూడా మిగల్లేదు."

సూలియెన్ ఆలోచించింది. ఆమె ఏమీ వాదించాలని అనుకోలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఆ ఇళ్ళన్నిటిలోనూ అయిదో రోజు పుట్టిన పిల్లలున్నారా?"

నాయనమ్మ తల ఎత్తింది.  ఆమె కళ్ళు సూలియెన్‌ను దాటి ఎక్కడికో వెళ్ళాయి. ఆ వీధిలో ఇల్లు ఇల్లూ తిరిగి చూస్తున్నట్టు ఉన్నాయి. నదివైపు డప్పులు ఆగిపోయాయి. కేకలు వినిపిస్తున్నాయి. ఎవరు గెలిచారో తెలియదు.

"వాంగ్ వాళ్ళింట్లో అందరూ మగపిల్లలే," అంది చాలాసేపటికి. "చలికాలం పుట్టినవాళ్ళు." ఒక వేలు మడిచింది. "పక్కింటామెకు పిల్లలే లేరు."

 ఎండ గడప దాకా వచ్చి ఆమె కాళ్ళ మీద పడింది. బిడ్డ ఏడుపు అందుకుంది. నాయనమ్మ చొక్కా లోపలినుంచి, చెమటకు తడిసిన చిన్న దారం తీసింది. అయిదు రంగులూ కలిసిపోయి ఉన్నాయి. బిడ్డ మణికట్టుకు కట్టడానికి ఎంత ప్రయత్నించినా ముడి పడలేదు.

"నా వేళ్ళు రావడం లేదు. నువ్వు కట్టు," అంది.

సూలియెన్ కట్టింది. తర్వాత బిడ్డను బుట్టలోనుంచి తీసుకుంది. నాయనమ్మ ఆపలేదు.

తింగ్‌షాన్ ఎర్ర గుడ్డ భుజాన వేసుకుని, బొంగురుపోయిన గొంతుతో వచ్చేసరికి సాయంత్రమైంది. "అర పడవ తేడాతో పోయింది," అంటూ లోపలికి వచ్చి, గదిలో భార్య చంకన బిడ్డను చూసి అక్కడే నిలబడిపోయాడు. అతని మొహంలో సంతోషం వచ్చింది, వెంటనే పోయింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు.

మంత్రసాని చేతులు తుడుచుకుంటూ లేచింది. "నేను బయట అడిగినవాళ్ళకు ఆరో రోజు పుట్టిందని చెబుతాను. రేపు తెల్లారాక చెబుతాను. తల్లి నొప్పులతో ఉందని ఈ రాత్రికి అంటాను. ఏమంటావక్కా?"

అందరూ నాయనమ్మ వైపు చూశారు. ఆమె మూల కూర్చుని ఉంది.  మధ్యాహ్నం గడప మీద కూర్చున్న మనిషి ఇప్పుడు ఉందో లేదో సూలియెన్‌కు తెలియదు. బుట్ట ఇంకా గోడ పక్కనే ఉంది.

"వద్దు," అంది నాయనమ్మ. "ఈ రోజే పుట్టిందని చెప్పు. మధ్యాహ్నం, డప్పులు మోగుతుండగా అని చెప్పు. దాచిపెడితే ఎప్పుడో ఒక పెద్దమ్మ దీని చెవిలో ఊదుతుంది."

"ఊరు ఊరుకోదక్కా."

"నన్నంటుంది. అననీ." మనవరాలి వైపు తిరిగి, "సూలియెన్, ఆ గోధుమపిండి కలుపు. నూడుల్స్ ఈ పూటే చెయ్యి," అంది.

"రేపు కదా నాయనమ్మా నీ పుట్టినరోజు?" అన్నాడు తింగ్‌షాన్.

 మంచం మీదనుంచి వదిన కళ్ళు తెరవకుండానే, "ఒకే గిన్నెలో," అంది. గొంతు ఉన్నట్టే లేదు.

తర్వాత రోజులు తేలిగ్గా గడవలేదు. వీధిలో కొందరు ఇంటి ముందు దారి మార్చుకుని నడిచారు. రేవులో సూలియెన్ కూర్చుంటే పక్కనున్న ఆవిడ బట్టలు తీసుకుని అవతలి రాయికి వెళ్ళింది. తింగ్‌షాన్ నిద్రలో ఉలిక్కిపడి లేచి బిడ్డ ఊయల దగ్గరికి వెళ్ళి చూసేవాడు. ఊపిరి ఉందా అని చూసేవాడో, ఎంత ఎదిగిందో చూసేవాడో ఎవరూ అడగలేదు. నాయనమ్మ గుమ్మాలు దాటుతూనే ఉంది, తల వంచుకునే.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి పెద్ద చినుకులు పడ్డాయి. పండగ తర్వాత మొదటి వాన. వీధంతా పిల్లల కేకలు. ఇంటింటి ముందూ దారాలు తెంపి కాలవలోకి విసురుతున్నారు. సూలియెన్ కత్తెర తీసుకుని వీధి అరుగు మీదికి వచ్చి, తన దారం తెంపి వదిలింది. అది ఎర్రమన్ను నీటిలో మెలికలు తిరిగి వెళ్ళిపోయింది.

"దీనిదీ తెంపాలి," అంది నాయనమ్మ లోపలినుంచి.

బిడ్డను రెండు చేతులతో గుండెలకు ఆనించుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది. మెడ లోపలికి లాక్కుంది. ఎవరో పైనుంచి కొట్టబోతున్నట్టు భుజాలు బిగుసుకున్నాయి. సూలియెన్ కత్తెర పట్టుకుని కదలకుండా చూసింది. నాయనమ్మ పెదవులు ఏదో గొణిగాయి. బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత మెడ ఒక్కో ఎముకా లేచినట్టు మెల్లగా పైకి లేచింది. గడ్డం పైకి వచ్చింది. అలాగే, నిటారుగా, గడప దాటడానికి అడుగు వేసింది. ఒక్క క్షణం ద్వారబంధం కింద ఆగిపోయి కళ్ళు మూసుకుంది.

ఆమె నెరిసిన ముడికీ, నల్లటి పైకర్రకూ మధ్య మూరెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎండిపోయిన మాచిపత్రి కట్ట గాలికి ఊగుతోంది.

నాయనమ్మ కళ్ళు తెరిచింది. చూరునుంచి ఒక చినుకు బిడ్డ నుదుటి మీద పడింది.

"ఏం చూస్తున్నావే అలా? తెంపు. వాన ఆగిపోతుంది."